కాంటా లేని బరువు: బల్లార్షా నుంచి ఒక హెవీవెయిట్ కేసు

నేను బాక్సింగ్ నేర్పే షెడ్డులో నేల సిమెంటుది. కొత్త పిల్లాడు ఎవరొచ్చినా ముందు గ్లవ్స్ ఇవ్వను. నేల మీద పలచగా ముగ్గు పిండి జల్లి, చెప్పులు విప్పించి, రెండు నిమిషాలు షాడో, అంటే ఎదుట మనిషి ఉన్నట్టు గాల్లో గుద్దులు, చెయ్యమంటాను. చేతుల వైపు చూడను. పిల్లాడు పక్కకి జరిగాక ముగ్గు చూస్తాను. మడమల మీద నిలబడేవాడివి పూర్తి పాదాలుగా పడతాయి. కాలీడ్చేవాడి అడుగుల వెనక తోకల్లాగా గీతలుంటాయి. ఇంట్లో డబ్బా ఖాళీ అవుతోందని మా ఆవిడ కేకలేసినప్పటి నుంచి పిండి విడిగా, కిలోల లెక్కన కొంటున్నాను.

2013 జూన్‌లో ఒక పిల్లాడొచ్చాడు. పదిహేనేళ్లు, 84 కిలోలు, అయిదడుగుల పదకొండంగుళాలు. ఆ వయసులో అంత ఒళ్లున్న పిల్లాడు షాడో చేస్తే ముగ్గు ఏనుగు తిరిగిన మడిలా అయిపోవాలి. ఇతను చేశాక వంగి చూస్తే, ఎవరో పనిగట్టుకుని చుక్కలు పెట్టినట్టుంది. అన్నీ ముని పాదం గుర్తులే, ఒక్క గీత లేదు. అప్పుడే ఇంకోటి గమనించాను. ఆ రెండు నిమిషాలూ అతని అడుగుల చప్పుడు నాకు వినపడలేదు.

ఫౌజులో ఉండగా నేను 67 కిలోల్లో ఆడాను. మంచి పెద్దోళ్లని, అంటే పెద్ద బరువు వాళ్లని, దగ్గర నుంచి చూశాను. ఇలాంటి కాళ్లు రెండో మూడో చూసుంటాను. ఈ పిల్లాడు దేశం తరఫున ఆడతాడని ఆ రాత్రే ఇంట్లో చెప్పాను. ఆడలేదు. ఎందుకు ఆడలేదన్నదే ఈ కేసు. అతనికి చెప్పి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. షెడ్డులో అందరూ పిలిచినట్టే ఇక్కడా 'పెద్దోడు' అనే అంటాను.

ఇల్లూ ఊరూ

మా బల్లార్షా సంగతి తెలియని వాళ్లకి రెండు ముక్కలు. చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర. పేపరు మిల్లు, బొగ్గు గనులు, రైల్వే జంక్షన్. గనుల కోసం, మిల్లు కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి తాతల నాడు వచ్చిన తెలుగువాళ్లం బస్తీలకు బస్తీలున్నాం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రింగులో హిందీ. పెద్దోడి నాన్న వార్ధా నది అవతల, రాజురా వైపు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. మూడు షిఫ్టులు మారే డ్యూటీ. ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి తినే వేళకి కొడుకు కూడా రెండోసారి కూర్చునేవాడు.

ఇక ఎండ. మేలో ఇక్కడ 45, 46 డిగ్రీలు మామూలు. అయిదింటికి మొదలెట్టి ఏడింటికల్లా ఆపెయ్యాలి. 50 కిలోల పిల్లాడు ఏడున్నరకి కూడా పరిగెత్తగలడు. 90 కిలోల వాడు ఆరున్నరకే ఉడికిపోతాడు. ఒంట్లో వేడి పుట్టేది ఎక్కువ, బయటికి పోయే దారి తక్కువ. అందుకని ఏటా మే నుంచి జూన్ వానల దాకా అతనికి దాదాపు సెలవే. ఆ ఆరు వారాల్లో ఆరేడు కిలోలు పెరిగి వచ్చేవాడు. దీపావళి దాకా అది దించడమే సరిపోయేది. ఏడాదికి అతనికి నిజంగా దొరికింది అయిదు నెలల సాధన. ఈ లెక్క ఆ రోజుల్లో ఒక్కసారి కూడా నేను కాగితం మీద వెయ్యలేదు.

పందొమ్మిది నిమిషాలు

వేసిన లెక్క ఒకటుంది, అది కూడా ఆలస్యంగానే. 2015లో నోటుబుక్కు తిరగేస్తుంటే తట్టింది. జూనియర్లలో రెండేళ్లలో పెద్దోడు తొమ్మిది బౌట్లు (పోటీలు) గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. అందులో రెండు వాకోవర్లు: అవతలి వాడు ఇతన్ని చూసి కడుపు నొప్పన్నాడు. అయిదు మొదటి రౌండ్‌లోనే అయిపోయాయి. చివరిదాకా నడిచినవి రెండే. జూనియర్లకి రౌండు రెండు నిమిషాలు. అంతా కూడితే రెండేళ్లలో ఇతను ఎదుటి మనిషి ముందు నిజంగా నిలబడింది 19 నిమిషాలు.

అదే షెడ్డులో, అదే రెండేళ్లలో, 54 కిలోల పిల్లాడొకడు 23 బౌట్లాడాడు. సగం ఓడాడు. రింగులో రెండు గంటల పైన గడిపాడు. ముక్కు పగిలింది, ఏడ్చాడు, మళ్లీ వచ్చాడు. మూడో రౌండ్‌లో ఊపిరి ఎలా దాచుకోవాలో, వెనకబడ్డప్పుడు ఏం చెయ్యాలో ఆ రెండు గంటల్లో నేర్చుకున్నాడు. పెద్దోడికి వెనకబడటమంటే ఏమిటో తెలియదు. దాన్ని నేను బలం అనుకున్నాను.

ప్రపంచ స్థాయిలో ఇదే జబ్బుకి నాకు కనిపించే మంచి ఉదాహరణ అమెరికన్ హెవీవెయిట్ గెర్రీ కూనీ. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, ఎడమ హుక్, అంటే పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దు, పడితే ఎంతటి వాడైనా కూలాల్సిందే. 1980 మేలో జిమ్మీ యంగ్‌ని నాలుగు రౌండ్లలో ముగించాడు. అక్టోబరులో రాన్ లైల్‌ని ఒక్క రౌండ్‌లో. 1981 మే 11న కెన్ నార్టన్‌ని 54 సెకన్లలో. ఆ తర్వాత పదమూడు నెలలు బౌటే లేదు. 1982 జూన్ 11న లాస్ వేగస్‌లో లారీ హోమ్స్ ముందు ప్రపంచ టైటిల్ కోసం నిలబడ్డాడు. అంటే రెండేళ్ల పైచిలుకులో ఆరు రౌండ్లు కూడా నిండకుండా పదిహేను రౌండ్ల పోటీకి ఎక్కాడు. అవతల హోమ్స్ ఎవరు? కుర్రతనంలో ముహమ్మద్ అలీకి, జో ఫ్రేజియర్‌కి స్పారింగ్ పార్ట్‌నర్‌గా, అంటే సాధనలో ఎదురు నిలబడే జోడీగా ఉండి, రోజూ తనకంటే గొప్పవాళ్ల దెబ్బలు తిని బతుకు వెళ్లదీసినవాడు. 1978లో అదే నార్టన్‌తో పదిహేను రౌండ్లు ఆడి స్ప్లిట్ డెసిషన్ మీద, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో, టైటిల్ తెచ్చుకున్నవాడు.

కూనీ పిరికివాడు కాదు. రెండో రౌండ్‌లో కింద పడి లేచి పదమూడో రౌండ్ దాకా నిలబడ్డాడు. నడుము కింద కొట్టినందుకు పాయింట్లు పోయాయి. చివరికి కోచ్ విక్టర్ వాలే తానే రింగులోకి దిగి ఆపించాడు. పదమూడు రౌండ్లూ జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు, తింటూ నిలబడే ధైర్యం ఉంది. ఆ జాబ్‌ని ఏం చెయ్యాలో నేర్పే బౌట్లే అతనికి ముందు దొరకలేదు. కూనీని గెలిపించుకొచ్చిన వాళ్లే అతన్ని పచ్చిగా ఉంచేశారని నా అభిప్రాయం. అదే పని చిన్న స్థాయిలో నేనూ చేశాను.

కిలోన్నర

2015లో పెద్దోడు యూత్‌లోకి వచ్చాడు. బరువు 92.5. అప్పటి తరగతుల్లో 81 నుంచి 91 దాకా ఒకటి, 91 పైన ఇంకొకటి. కిలోన్నర దించితే 91లో ఆడొచ్చు. అక్కడ మన రాష్ట్రంలోనే పదీ పన్నెండు పేర్లుంటాయి, గట్టి పిల్లలుంటారు. దించకపోతే 91 పైన. అక్కడ ఆ ఏడాది డ్రాలో పేర్లు నాలుగు.

బాక్సింగ్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. నాలుగు పేర్ల డ్రా అంటే సంతకం పెట్టిన ప్రతివాడికీ పతకమే. పతకం అంటే సర్టిఫికెట్. సర్టిఫికెట్ అంటే స్పోర్ట్స్ కోటా.

ఆ వారం వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"తమ్మీ, వానికి జాబ్ వస్తదా?"

మా షెడ్డులో ఈ మాటకి రెండర్థాలు. నేను రోజంతా ఎడమచేతి జాబ్ గురించి మొత్తుకుంటాను, ఇంటివాళ్లు నౌకరీ జాబ్ గురించి అడుగుతారు. రాసినా ఒకటే, పలికినా ఒకటే. పిల్లలు దీని మీద చాలా జోకులేస్తారు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆమె మొగుడి రిటైర్మెంటుకి ఇంకా పదేళ్లు కూడా లేవు. క్వార్టరు కంపెనీది. కింద ఇద్దరు ఆడపిల్లలు.

"వస్తది అక్కా," అన్నాను. 91 పైన పేరు రాశాను.

ఇది తప్పని ఇవాళ చెప్పడం తేలిక. ఆమె ముందు కూర్చుని చెప్పగలిగేవాణ్నా అంటే, ఇప్పటికీ అనుమానమే. కానీ ఆ సంతకంతో అతని బతుకులోంచి కాంటా పోయింది. 60 కిలోల వాడికి ప్రతి పోటీ పొద్దునా కాంటా ఒక పోలీసు. ముందురోజు రాత్రి ఒక రొట్టె ఎక్కువ తింటే తెల్లారేసరికి పట్టుబడతాడు. 91 పైన వాడికి కింది గీత ఉంది గానీ పై గీత లేదు. నూరుంటే నూరు, నూట పాతికుంటే నూట పాతిక. ఎవరూ అడగరు. మిగతా తరగతుల్లో నియమమే చూసుకునే క్రమశిక్షణని ఇక్కడ మనిషి తన లోపలి నుంచి తెచ్చుకోవాలి. పదిహేడేళ్లవాడు ఎక్కడి నుంచి తెస్తాడు?

పెద్ద పేర్లకే అది చేతకాలేదు. బస్టర్ డగ్లస్ 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో ప్రపంచ ఛాంపియన్ మైక్ టైసన్‌ని పదో రౌండ్‌లో పడగొట్టినప్పుడు 231.5 పౌండ్లు, అంటే 105 కిలోలు. తల్లి పోయి నెల కూడా కాలేదు. బహుశా ఆ దుఃఖమే ఆ కొన్ని వారాలు అతనికి కాంటా అయింది. అదే అక్టోబరులో హోలీఫీల్డ్ ముందుకి 246 పౌండ్లతో వచ్చి మూడో రౌండ్‌లో పడిపోయాడు. రిడిక్ బోవే 1992లో 235తో హోలీఫీల్డ్‌ని గెలిచాడు, ఏడాది తిరక్కుండా 246తో అతని చేతిలోనే ఓడాడు. ఆండీ రూయిజ్ 2019 జూన్‌లో 268తో ఆంథనీ జాషువాని ఓడించాడు, డిసెంబరులో 283 పైచిలుకుతో తిరిగొచ్చి బెల్టు పోగొట్టుకున్నాడు. పార్టీల్లో పడి సాధన సరిగా చెయ్యలేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ముగ్గురిదీ ఒకటే వరస: గెలుపు, పండగ, పొట్ట. ఎవరికీ ప్రతిభ తక్కువ కాలేదు.

నేను చేసిన వైద్యం

మొదట కాంటా తెచ్చాను. బస్తీలో పిండి గిర్నీ ఉంది, జొన్నల మూటలు తూచే పెద్ద కాంటా. ప్రతి శనివారం పెద్దోడు దాని మీద ఎక్కాలి, గిర్నీ సేటు బరువు చెప్పాలి, నేను బుక్కులో రాయాలి. రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత అతనికో పతకం వచ్చింది, బస్తీలో ఊరేగించారు. ఆ శనివారం 96 ఉన్నాడు. సేటు గిర్నీలో ఉన్న ఆడవాళ్లందరికీ వినపడేలా అరిచాడు: "ఇంక నాలుగు కిలోలైతే క్వింటాల్ వస్తాద్!" అందరూ నవ్వారు, పెద్దోడు కూడా. మన దగ్గర ఒళ్లు చేయడం పరువు. తగ్గించమంటే తల్లి మనసు కష్టపెట్టుకుంటుంది. "బిడ్డ మొఖం పీక్కపోయింది తమ్మీ" అని వాళ్లమ్మ రెండుసార్లు నాకు ఫిర్యాదు చేసింది. శిక్ష అనుకుని పెట్టిన కాంటా సన్మానమైపోయింది. ఆపేశాను.

రెండోది స్పారింగ్. జిల్లా మొత్తంలో అతని బరువు వాళ్లు ఇద్దరు, ఒకడు ఆటే మానేశాడు. 60, 69, 75 కిలోల పిల్లల్ని ముగ్గుర్ని పెట్టి, నిమిషానికి ఒకర్ని మార్చి తోలాను. పెద్దోడికి ఊపిరి బాగుపడింది. కాకపోతే నేను చూడనిది ఒకటి జరిగింది. చిన్నవాళ్లకి దెబ్బ తగలకూడదని కుడిచెయ్యి సగంలో ఆపడం మొదలెట్టాడు. మంచి మనసున్న పిల్లాడు. నేను మెచ్చుకున్నాను కూడా. వారానికి నాలుగు రోజులు, ఏడాదిన్నర పాటు, సగం గుద్దు గుద్దడం సాధన చేయించాను.

పనిచేసింది మూడోది. కుస్తీ నేర్పే తాలీంలో 105 కిలోల పైల్వాన్ ఒకాయన ఉండేవాడు, వయసు మళ్లినవాడు. బాక్సింగ్ రాదు, అక్కర్లేదు కూడా. వచ్చి పెద్దోడి మెడ మీద వాలి పడుకోవాలి, అంతే. క్లించ్‌లో, అంటే ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని పెనుగులాడేటప్పుడు, ఒక క్వింటాల్ మెడ మీద మోస్తూ కాళ్లు ఎలా ఆడించాలో నాలుగు నెలల్లో అతను నేర్చుకున్నంతగా నా దగ్గర నాలుగేళ్లలో నేర్చుకోలేదు. అయిదో నెలలో పైల్వాన్‌కి హైదరాబాద్‌లో సెక్యూరిటీ పని దొరికింది. టీ డబ్బులు తప్ప ఆయనకి ఏమీ ఇవ్వలేకపోయాను, ఆగమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

మూడో రౌండు

2017. సీనియర్లలో రాష్ట్ర స్థాయి ఫైనల్. పెద్దోడికి పందొమ్మిదేళ్లు, 99 కిలోలు. అవతల పుణె వైపు నుంచి వచ్చిన కుర్రాడు, 97. చూస్తే ఏమీ లేదు. కాళ్లు మొద్దు, కుడిచెయ్యి అలంకారం. ఎడమచెయ్యి మాత్రం గడియారం ముల్లులా వస్తూనే ఉంటుంది.

మొదటి రౌండు మనది, సందేహం లేదు. రెండో రౌండ్ మధ్యలో పెద్దోడు అతన్ని తాళ్ల మీదికి నెట్టాడు. గడ్డం ఖాళీ. కుడిచెయ్యి బయల్దేరింది, సగంలో ఆగింది. 60 కిలోల తమ్ముడి దగ్గర ఆగినట్టే ఆగింది. ఆ కుర్రాడు పక్కకి జారిపోయాడు. మా మూల నుంచి అది నాకు స్పష్టంగా కనిపించింది. ఆ గుద్దు ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు.

విరామంలో స్టూలు మీద కూర్చున్నాడు. నోరు తెరిచే ఉంది, గమ్ షీల్డ్ తీస్తే తీగలా ఉమ్మి సాగింది. "జాబ్ ఎయ్యి, ఒక్క జాబ్ చాలు," అన్నాను.

"చేయి లేస్తలేదు వస్తాద్."

మూడో రౌండు మొదలైన అర నిమిషానికి నాకో చప్పుడు వినిపించింది. టప్, టప్. ముందు ఎవరో పలకల మీద నడుస్తున్నారనుకున్నాను. పెద్దోడి కాళ్లు అవి. నాలుగేళ్లలో మొదటిసారి అతని అడుగు నాకు వినపడింది. చేతులు బుగ్గల దగ్గర నుంచి గడ్డానికి, గడ్డం నుంచి ఛాతీకి దిగాయి. ఆ మొద్దుకాళ్ల కుర్రాడు ఏ తొందరా లేకుండా జాబ్ వేసుకుంటూ పోయాడు. తర్వాత వాళ్ల కోచ్‌ని అడిగాను, మీ దగ్గర 90 దాటిన వాళ్లెంతమందని. అయిదుగురన్నాడు. రోజూ ఒకళ్లతో ఒకళ్లు.

మన దేశంలో పెద్ద బరువులో నిలబడిన పేర్లు చూడండి. 1966, 1970 ఏషియన్ గేమ్స్ స్వర్ణాల హవా సింగ్. 1982 ఢిల్లీలో స్వర్ణం తెచ్చిన కౌర్ సింగ్. ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన తొలి భారతీయ సూపర్ హెవీవెయిట్, టోక్యోలో మొఖం మీద 13 కుట్లతో క్వార్టర్ ఫైనల్ ఆడిన సతీశ్ కుమార్. ముగ్గురూ ఫౌజీలే. ఫౌజులో క్రమశిక్షణ ఉంటుందని అందరూ అంటారు, ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా అక్కడ క్వింటాల్ మనిషికి ఇంకో క్వింటాల్ మనిషి దొరుకుతాడు. "మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ కాలేదా జూనియర్లలో వరల్డ్ ఛాంపియన్, మనోడెందుకు కాడు?" అని పెద్దోడి నాన్న అడిగేవాడు. ఆమె కష్టం తక్కువని అనను. కానీ 50, 52 కిలోల మనిషికి ఏ ఊళ్లోనైనా ఎదురు నిలబడే మనిషి దొరుకుతుంది అన్నా, అనేవాణ్ని.

అన్ని కేసులూ ఇదే జబ్బు కాదు. నైజీరియా హెవీవెయిట్ ఐకే ఇబియాబుచీకి ఎదురూ దొరికింది, ఊపిరీ ఉంది. 1997 జూన్‌లో డేవిడ్ టువాతో పన్నెండు రౌండ్లలో ఇద్దరూ కలిపి 1,730 గుద్దులు విసిరారు, హెవీవెయిట్‌లో అంతకు ముందు లేని లెక్క అది. 1999 నాటికి 20 బౌట్లు, ఓటమి లేదు. మనసు చెదిరింది, జైలుకెళ్లాడు, ఆడాల్సిన వయసంతా పోయింది. అలాంటిది కోచ్ చేతిలో ఉండదు. టువాది ఇంకో కథ. అయిదడుగుల పది ఉన్నవాడు 2000లో లెనాక్స్ లూయిస్ జాబ్ దాటి లోపలికి వెళ్లలేకపోయాడు. ఎంత ఎడమ హుక్ ఉన్నా చేతి పొడుగు పెరగదు. పెద్దోడికి ఈ రెండు ఇబ్బందులూ లేవు. అందుకే ఈ కేసు నన్ను వదలదు.

ఆ తర్వాత

2018లో స్పోర్ట్స్ కోటాలో నౌకరీ వచ్చింది. వాళ్లమ్మ స్వీట్ల డబ్బా తెచ్చి నా కాళ్లకి దండం పెట్టబోతే ఆపాను. టీము ఉంది గానీ డ్యూటీ తర్వాతే సాధన. 2019లో చివరి బౌటు, 112 కిలోలతో. మొత్తం 27 బౌట్లు, 19 గెలుపులు. చెల్లెళ్లిద్దరి పెళ్లిళ్లూ అతనే చేశాడు. ఈ కేసు విఫలమైందని నేనంటే వాళ్లింట్లో ఎవరూ ఒప్పుకోరు, వాళ్ల లెక్క వాళ్లది.

మొన్న దసరాకి సెలవు మీద వచ్చాడు. అడక్కుండానే చెప్పులు విప్పాడు. ముగ్గు జల్లాను. 120 దాటి ఉంటాడు, ఆ ఒంటితో నలభై సెకన్ల పాటు మళ్లీ అవే చుక్కలు. తర్వాత గీతలు మొదలయ్యాయి. ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కింద చూసుకున్నాడు. చీపురు తనే తెచ్చుకుని ఊడ్చేశాడు.

ఇప్పుడు నా బుక్కులో గెలుపు ఓటములకి ముందు ఇంకో గడి గీసుకున్నాను, రింగులో గడిపిన నిమిషాలకి. పోయినేడు ఒక పిల్లాడు చేరాడు, పదహారేళ్లు, 89 కిలోలు, చేతులు మంచివి. పెద్దోడి కాళ్లు కావు. పై గీత ఉన్న తరగతిలోనే పేరు రాశాను. మే నెలంతా తెల్లవారుజామున నాలుగింటికే షెడ్డు తీశాను. ఇప్పటికి 64 నిమిషాలు ఆడాడు, అయిదు ఓడాడు. వాళ్ల నాన్న నిన్న గేటు దగ్గరే పట్టుకున్నాడు: "ఏంది వస్తాద్, వీడు ఓడుతనే ఉన్నడు కదా. సర్టిఫికెట్ ఎప్పుడొస్తది?"

వచ్చే ఆదివారం వాణ్ని నాగ్‌పూర్ తీసుకెళ్తున్నా, రైల్లో మూడు గంటలు. అక్కడ వీడికంటే ఆరు కిలోలు ఎక్కువున్న కుర్రాడు ఒకడు స్పారింగ్‌కి ఒప్పుకున్నాడు.